మూడో గేము

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చేవి రెండే రకాలు. ఒకటి గుడ్ మార్నింగ్ పువ్వులు, రెండోది పోయినవాళ్ళ ఫొటోలు. మొన్న ఇక్కడ సింగపూర్‌లో, టోవా పాయో స్టేషన్లో రైలు కోసం నిలబడి, పువ్వులే అయ్యుంటాయని తెరిచాను. కెప్టెన్ ఫొటో. ఏదో పాత టీము ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, పక్కన ఇంకెవరిదో భుజం సగం మిగిలిపోయింది. ఫొటోలో ఆయనకి పాతికేళ్ళుంటాయి. పోయేనాటికి అరవై కూడా నిండి ఉండవు. హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంట్లో, నిద్రలోనే పోయాడట.

రైలు వచ్చింది. ఎక్కలేకపోయాను. తర్వాతి రైలు కూడా వెళ్ళనిచ్చి, బెంచీ మీద కూర్చున్నాను.

మా ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. ముందు కెప్టెన్ అనేవాళ్ళు, తర్వాత ఇంకో మాట అనేవాళ్ళు. ఆయన అసలు పేరు నేనూ రాయను. రాస్తే మా ఊరివాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు.

ఆయన ఆడింది బాల్ బ్యాడ్మింటన్. ఈకల షటిల్ కాదు. నిమ్మకాయ కంటే కాస్త పెద్ద పసుపుపచ్చ ఊలు బంతి, తేలికపాటి చెక్క బ్యాటు, మట్టి కోర్టు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. మూడు గేముల్లో రెండు గెలిచినవాళ్ళదే మ్యాచి. క్రికెట్ టీవీలోకి వచ్చి అన్నిటినీ మింగేసేదాకా మా వైపు చిన్న ఊళ్ళలో సాయంత్రమైతే ఇదే ఆట. మా నాన్న మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. స్కూలు వెనక కోర్టు ఆయన చేత్తో వేసిందే. మా ఇంట్లో అన్నం ఉడికే టైము కూడా ఆ కోర్టులో ఆట ముగిసే టైమును బట్టే ఉండేది. నేను గోడ మీద కూర్చుని కెప్టెన్ ఆట చూస్తూ పెరిగాను.

చూడ్డానికి మనిషి ఏమీ ఉండేవాడు కాదు. పొట్టి, నలుపు, ఎప్పుడూ ఒకటే నీలం నిక్కరు. సర్వీసు చెయ్యబోయే ముందు బంతిని బొటనవేలితో గట్టిగా నొక్కి, ఆ గుంట పైకి లేచేదాకా దాని వంకే చూస్తూ ఉండేవాడు. లేస్తే "ఉంది" అనేవాడు. లేవకపోతే మాట్లాడకుండా అంపైరు చేతిలో పెట్టి ఇంకోటి అడిగేవాడు. ఏముందని మాత్రం ఎవ్వరూ అడగలేదు. ఊళ్ళో పిల్లలం మాత్రం దేన్ని చూసినా నొక్కి "ఉంది" అనేవాళ్ళం. బజార్లో టమాటాల దగ్గర దీనికి తిట్లు కూడా తిన్నాం.

ఆయన సెంటర్ ఆడేవాడు. అంటే ఐదుగురికీ నడుమ నిలబడి, ముందువాళ్ళు వదిలేసిందీ వెనకవాళ్ళకి అందనిదీ తీసుకునే పని. మోకాళ్ళు కాస్త వంచి, మడమలు నేలకి ఆనీ ఆనకుండా నిలబడేవాడు. పరిగెత్తడం నేను చూడలేదు. బంతి వచ్చేసరికి ఆయన అక్కడే ఉండేవాడు, అంతే. కుర్రాళ్ళు కంగారుపడి నెట్టుకి కొడితే, "తొందరేముందిరా, బంతి ఎక్కడికి పోతుంది?" అనేవాడు. కోపంగా అనేవాడు కాదు, నిజంగానే అడుగుతున్నట్టు అనేవాడు.

అంత ఆట ఆడి ఆయన సంపాదించింది గోడ గడియారాలు. ఏ టోర్నమెంట్లో చూసినా మొదటి బహుమతి గోడ గడియారమో, స్టీలు బిందో. వాళ్ళింట్లో హాలు గోడ నిండా గడియారాలే, ఒక్కోటీ ఒక్కో టైము చూపించేది. వాళ్ళమ్మగారు మాత్రం టైము కావాలంటే పక్కింటికి వెళ్ళి అడిగేది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని ఊరంతా చెప్పింది. ఇంటర్వ్యూలకి వెళ్ళేవాడు, సర్టిఫికెట్లు చూసి మెచ్చుకునేవాళ్ళట. ఒకచోట పెద్దాయన, "ఈ ఆట ఒలింపిక్సులో ఉందా?" అని అడిగాడట. "లేదండీ, మా ఊళ్ళో ఉంది" అన్నాట్ట కెప్టెన్. ఆ మాట చెప్పి మమ్మల్నందర్నీ నవ్వించేవాడు. ఆ ఉద్యోగం రాలేదు. వేరేవీ రాలేదు.

ఈలోగా ఊళ్ళమీద కంప్యూటర్ల గాలి మళ్ళింది. డిగ్రీ తప్పినవాళ్ళు కూడా అమీర్‌పేటలో నాలుగు నెలలు కూర్చుని విమానం ఎక్కుతున్నారు. కెప్టెన్‌కి ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు, చేతిలో గడియారాలు తప్ప ఏమీ లేవు. ఆయన బావ పట్టుబట్టి హైదరాబాదు పంపాడు. కోర్సేదో చేశాడు. ఒక కన్సల్టెన్సీ సింగపూర్‌లో టెస్టింగ్ పని ఇప్పించింది. వీసా వచ్చింది, టికెట్టు వచ్చింది. ఆ టికెట్టు మా ఊరి టోర్నమెంట్ ఫైనల్ రోజుకి వచ్చింది.

ఎన్నేళ్ళుగానో ఆ కప్పు పక్క ఊరివాళ్ళే పట్టుకెళ్తున్నారు. ఆ ఏడు ఫైనల్ మాదీ వాళ్ళదీ. మూడింటికి ఆట, ఏడింటికి మద్రాసు రైలు, మర్నాడు విమానం. ఎలా లెక్కేసినా సరిపోతుంది, చీఫ్ గెస్టుని లెక్కలోకి తీసుకోకపోతే. ఆయన నాలుగున్నరకి వచ్చాడు. దండలు వేయించుకున్నాడు. అందరితోనూ చేతులు కలిపి ఫొటోలు దిగాడు. యువతకి క్రీడలు ఎంత అవసరమో మైకు వేడెక్కేదాకా చెప్పాడు. అంతసేపూ పదిమంది ఆటగాళ్ళు ఎండలో వరసగా నిలబడి ఆయన చెప్పిందల్లా విన్నారు.

మొదటి గేము మాది. రెండోది వాళ్ళది. అప్పటికే ఆరు దాటింది. కెప్టెన్ బావ లైను పక్కన సూట్‌కేసుతో నిలబడి చేతి గడియారం చూపిస్తున్నాడు. కెప్టెన్ మా నాన్న దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"మాస్టారూ, ఈ రైలు తప్పితే ఇంకోటి లేదంటున్నారు. విమానం టికెట్టు మార్చరంట" అన్నాడు.

మా నాన్న నెట్టు వంక చూస్తూ, "నీ ఇష్టం" అన్నాడు.

మా నాన్న నోట అంతకంటే కఠినమైన మాట నేనెప్పుడూ వినలేదు. కెప్టెన్ ఆ నీలం నిక్కరుతోనే, బ్యాటు చేత్తో పట్టుకునే ఆటో ఎక్కాడు. మూడో గేము పోయింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన "ఆట మధ్యలో ఒదిలేసి పోయినోడు." చీఫ్ గెస్టుని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు పేపర్లో పడింది కూడా ఆయన ఫొటోనే. నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళయింది, ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు.

ఏడాది తిరిగేసరికి నేనూ సింగపూర్‌లో తేలాను. నాకూ మా ఆయనకీ జురాంగ్ వెస్ట్‌లో ఒక ఫ్లాట్‌లో గది, ఆఫీసు చూస్తే చాంగీ బిజినెస్ పార్క్‌లో. దేశానికి ఈ చివర పడుకుని ఆ చివర పని చేసేదాన్ని. ఒకరోజు పొద్దున్న కిక్కిరిసిన రైల్లో అందరూ కడ్డీలూ పట్టీలూ పట్టుకుని వేలాడుతుంటే, ఒక మనిషి మాత్రం ఏదీ పట్టుకోకుండా నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు కాస్త వంచి, మడమలు నేలకి ఆనీ ఆనకుండా. రైలు కుదిపినప్పుడల్లా జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, ఆయన కదలట్లేదు. మొహం చూడకుండానే గుర్తుపట్టాను.

"కెప్టెన్ అన్నయ్యా!"

తిరిగి చూశాడు. గుర్తుపట్టడానికి ఒక స్టేషను పట్టింది. "నువ్వు డ్రిల్లు మాస్టారి అమ్మాయివి కదమ్మా! గోడెక్కి కూర్చునేదానివి. మాస్టారు బాగున్నారా?"

"బాగున్నారన్నయ్యా."

నాన్న తన గురించి ఏమైనా అన్నాడా అని అడగలేదు. అడగనందుకు నేను లోపల దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఫైనల్ తర్వాత నాన్న ఆయన పేరెత్తడమే మానేశాడు. కాసేపయ్యాక కెప్టెన్ గొంతు తగ్గించి అన్నాడు, "మూడో గేము ఎంతకి పోయిందమ్మా? ఇంటికి ఫోన్ చేస్తే అన్నీ చెప్తారు, అది చెప్పరు."

"ఇరవై తొమ్మిది, పదకొండు."

వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. తర్వాత, "పదకొండు తెచ్చుకున్నారా! పర్లేదు, కుర్రాళ్ళు బానే ఆడారు" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను రైల్లో రాసిపెట్టిన స్టేషన్ల పేర్లు చదువుతూ నిలబడ్డాను.

ఆయన పని ఒక బ్యాంకు వెనకాఫీసులో. మాలాంటివాళ్ళం రాసిన ప్రోగ్రాముల మీద ఒకే బటన్ని రోజంతా రకరకాలుగా నొక్కి, ఎప్పుడు విరుగుతుందో చూడాలి. "బంతి మనది కాదు, కోర్టు మనది కాదు, ఎవడో కొడితే ఔటో కాదో చెప్పటం" అనేవాడు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అందరికంటే ముందు వచ్చేవాడు, అందరికంటే తక్కువ మాట్లాడేవాడు.

టోవా పాయోలో కమ్యూనిటీ క్లబ్బుంది, బ్యాడ్మింటన్ ఆడతారు, రా అన్నయ్యా అని మా ఆయన ఒక శనివారం ఉత్సాహంగా లాక్కెళ్ళాడు. లాక్కెళ్ళకుండా ఉంటే బాగుండేది. అక్కడ అరవై దాటిన చైనీస్ అంకుల్, బానపొట్ట, చేతికి తువ్వాలు కట్టుకుని షటిల్ ఆడుతున్నాడు. కెప్టెన్‌తో ఆడతారా అంటే సరేనన్నాడు. కెప్టెన్ కొట్టే దెబ్బకి ఊలు బంతి అయితే గోడ దాటేది. షటిల్ సగం దూరం వెళ్ళి నింపాదిగా కిందికి దిగేది. అంకుల్ నిలబడ్డచోట నుంచి కదలకుండా, దాన్ని నెట్టుకి అవతల మెల్లగా జారవిడిచేవాడు. కెప్టెన్ పరిగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఆయన పరిగెత్తడం చూశాను. ఆట అయ్యాక అంకుల్ భుజం తట్టి, ఇక్కడి ఇంగ్లీషులో, "వెరీ స్ట్రాంగ్ లా! బట్ దిస్ వన్ నాట్ హ్యామర్" అన్నాడు. మంచివాడే, మనసులో ఏమీ పెట్టుకుని అన్లేదు.

బయటికొచ్చాక కెప్టెన్, "దానికి ప్రాణం లేదమ్మా, మధ్యలోనే చచ్చిపోతంది" అన్నాడు. మళ్ళీ షటిల్ ముట్టుకోలేదు.

ఆ తర్వాతే ఆయనకా పిచ్చి పట్టింది. ఒక్క మ్యాచి ఆడాలి. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, మొదట్నుంచి చివరిదాకా, మూడు గేములూ. కప్పు అక్కర్లేదు, చూసేవాళ్ళు అక్కర్లేదు. "మధ్యలో ఎవరూ పోకూడదు, నేనూ పోను. ఒక్కసారి మూడో గేము దాకా ఆడితే చాలమ్మా. తర్వాత ఎవర్నీ విసిగించను" అన్నాడు. నాకు అర్థమైంది. ఆయన ఆడాలనుకుంటున్నది ఎవరితోనో కాదు, ఆ సాయంత్రంతో.

ఇక ఆదివారాలు జురాంగ్ వెస్ట్‌లో తెలుగు కుర్రాళ్ళు అద్దెకున్న ఫ్లాట్‌లన్నీ తిరగడం మొదలుపెట్టాడు. తలుపు కొట్టి, నిద్ర మొహాలతో బయటికొచ్చినవాళ్ళని, "మీ ఊళ్ళో బాల్ బ్యాడ్మింటన్ ఉందా బాబూ?" అని అడిగేవాడు. వాళ్ళు ఏ చందాలవాడో అనుకునేవాళ్ళు. అలా అలా మనుషుల్ని పోగేశాడు. పోగేసినవాళ్ళు నిలవాలి కదా. ఎనిమిది మంది అయ్యేసరికి ఇద్దరికి అమెరికా వీసా వచ్చేది. వాళ్ళకి పార్టీ ఇచ్చి, ఇంకో ఇద్దర్ని వెతికి పట్టుకునేసరికి ఒకడికి సిడ్నీలో ఉద్యోగం వచ్చేది. అందరికీ శుభవార్తలే. అందరి శుభవార్తలకీ ఆయనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి సూట్‌కేసు తోసిపెట్టేవాడు.

బ్యాట్లు ఊరినుంచి వచ్చేవాళ్ళ సామాన్లలో ఒక్కొక్కటే దిగాయి. బంతులతోనే చిక్కొచ్చింది. ఈ ఊరి గాలికి ఊలు చెమ్మ పట్టి, బంతి అరిసెలా మెత్తబడిపోయేది. మా ఊళ్ళోలాగే బియ్యం డబ్బాలో దాచి చూశాడు. ఫ్లాట్‌లో ఉన్నవాళ్ళు అన్నంలో పసుపుపచ్చ పోగులు వస్తున్నాయని గోల చేశారు. చివరికి ఆఫీసులో సర్వర్లు పెట్టే గది కనిపెట్టాడు. ఆ మిషన్ల వెనకనుంచి పొడిగా, వెచ్చగా గాలి వస్తుంది. నాలుగు బంతులు వాటి వెనక దాచాడు. ఒకసారి ఒకటి రైల్లోకి తెచ్చి నాకు చూపించి, నొక్కి, "ఉంది" అన్నాడు. సింగపూర్ మొత్తంలో ఆ బంతులకి సరిపడే గాలి ఆ ఒక్క గదిలోనే ఉంది.

ఇంతలో ఆ కంప్యూటర్ల గాలి కూడా తిరిగిపోయింది. కంపెనీలు మూతపడటం మొదలైంది. ప్రతి శుక్రవారం ఎవరిదో ఒకరి బల్ల ఖాళీ అయ్యేది. కెప్టెన్ కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి అని చెప్పేశారు. అప్పటికి తనతోనూ మా ఆయనతోనూ కలిపి తొమ్మిదిమందే అయ్యారు. మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారమ్మాయీ, నువ్వు ఫ్రంటు ఆడతావా?"

"నేను బ్యాటు పట్టుకుని పదేళ్ళయింది అన్నయ్యా."

"ఆ సంగతి బంతికి చెప్పకు" అన్నాడు. "ఈ ఆదివారం అవ్వాలి తల్లీ. వచ్చే ఆదివారానికి పదిమంది ఉండరు."

ఆ ఆదివారం తెల్లవారగానే మా బ్లాకుల మధ్య పచ్చిక మైదానంలోకి దిగాం. బట్టలారేసే వెదురు కర్రలు రెండు పాతి నెట్టు కట్టాం. కోర్టుకి గీతలు కావాలి. మా ఊళ్ళో అయితే సున్నప్పొడి. ఇక్కడ సున్నం ఎక్కడ దొరుకుతుంది? ఆయన ముందురోజే టెక్కా మార్కెట్టుకి వెళ్ళి బియ్యప్పిండి పొట్లాలు తెచ్చాడు. డబ్బాకి అడుగున చిల్లులు పొడిచి, పిండి నింపి, దారం పట్టి గీత వెంట దులుపుకుంటూ పోయాడు. నేను దారం రెండో చివర పట్టుకున్నాను. పచ్చటి గడ్డి మీద తెల్లగా, మా నాన్న వేసినంత తిన్నగా వచ్చాయి గీతలు. ఆయన మొహం వెలిగిపోయింది. నాకూ ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మా ఇద్దరికీ తట్టనే లేదు. అమెరికాలో ఎవరో ఉత్తరాల్లో తెల్లపొడి పెట్టి పంపారనీ, అది పీల్చినవాళ్ళు చచ్చిపోయారనీ, ప్రపంచమంతా తెల్లపొడి కనిపిస్తే హడలిపోతున్న రోజులవి. పేపర్లో మేమూ రోజూ చదువుతున్నాం. కానీ ముగ్గుపిండిని చూసి భయపడాలని ఏ తెలుగువాడికి తోస్తుంది?

పదిమందీ వచ్చారు. ఒక్కరు తగ్గలేదు. కెప్టెన్ ఆ నీలం నిక్కరే వేసుకొచ్చాడు, నడుం దగ్గర కాస్త బిగుతైంది. బంతి నొక్కాడు, గుంట లేచేదాకా చూశాడు. "ఉంది" అన్నాడు. ఆట మొదలైంది. నేను ముందు నిలబడ్డాను. నన్ను దాటిపోయిన బంతి ప్రతిదీ వెనక టక్‌మని ఆయన బ్యాటుకి తగిలేది. ఆ చప్పుడు విని నేను మళ్ళీ గోడ మీద కూర్చున్న పిల్లనైపోయాను. మాకు నాలుగు పాయింట్లు, వాళ్ళకి రెండు. ఆయన సర్వీసు.

పోలీసు కారు వచ్చింది. వెనక ఇంకోటి. పై అంతస్తులోంచి ఎవరో చూసి ఫోన్ చేశారట, మనుషులు పొద్దున్నే గడ్డి మీద తెల్లపొడి చల్లుతున్నారని.

మలయ్ ఆఫీసరు, కుర్రవాడు, మర్యాదగా దూరంనుంచే అడిగాడు. "సర్, దిస్ వైట్ పౌడర్, యువర్స్ ఆ?"

"ఎస్ సర్. కోర్ట్. లైన్. బాల్ బ్యాడ్మింటన్" అన్నాడు కెప్టెన్, బ్యాటు చూపిస్తూ.

"బ్యాడ్మింటన్ వేర్ గాట్ బాల్?"

కెప్టెన్ చేతిలో బంతి చూపించాడు. ఆఫీసరు అడుగు వెనక్కి వేశాడు. కెప్టెన్‌కి కంగారు పుట్టింది. ఆట ఆగిపోతుందన్న ఒక్క కంగారే అది. "రైస్ సర్, రైస్! ఈటింగ్ రైస్!" అంటూ వంగి, గీతలోంచి చిటికెడు పిండి తీసి నోట్లో వేసుకున్నాడు.

"డోంట్! డోంట్!" అని ఆ కుర్రాడు అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది.

ఆ తర్వాత ఇక మన చేతిలో ఏమీ లేదు. గడ్డి తిన్నవాణ్ణి వదిలేసేవాళ్ళేమో గానీ, తెల్లపొడి తిన్నవాణ్ణి ఎవరు వదుల్తారు? మైదానం చుట్టూ టేపు కట్టారు. మాస్కులు వేసుకున్నవాళ్ళు దిగారు. బంతులు ఒక్కొక్కటీ ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగించారు. కెప్టెన్‌ని విడిగా కూర్చోబెట్టి, అంబులెన్సు తెప్పించి ఎక్కించారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు, తప్పు పట్టడానికి లేదు. తలుపు వేసేలోపు ఆయన మెడ బయటికి చాచి మా వంక అరిచాడు.

"ఆపొద్దు! మీరు ఆడుతుండండి, వచ్చేస్తాను!"

టేపుకి అవతల మేం తొమ్మిదిమందిమి బ్యాట్లు పట్టుకుని నిలబడ్డాం. ఒక్కొక్కరి పేరూ, ఇక్కడ ఉద్యోగానికిచ్చే పాసు నంబరూ రాసుకున్నారు. ఉద్యోగాలు ఊడుతున్న రోజులు, పాసు పొడిగిస్తారో లేదో తెలియని రోజులు. పోలీసులు పేరు రాసుకున్నారంటే ఒక్కొక్కడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పొడి ఏంటో తేల్చుకున్నాక పైపులు పెట్టి గీతలు కడిగేశారు. బియ్యప్పిండి కదా, తేలిగ్గానే పోయింది. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. చేతికి ఆసుపత్రివాళ్ళు కట్టిన పట్టీ ఇంకా ఉంది. మైదానం తడిగా ఉంది. వెదురు కర్రలు పీకి పక్కన పెట్టుకుని నేనూ మా ఆయనా కూర్చుని ఉన్నాం.

"అందరూ ఏరి?"

"ఇళ్ళకి పోయారన్నయ్యా."

"తొందరేముంది..." అన్నాడు.

తర్వాతి రెండు వారాలూ అందరికీ ఫోన్లు చేశాడు. ఎవరూ కాదనలేదు. "తప్పకుండా అన్నా, చూద్దామన్నా" అన్నారు. ఒక్కడూ రాలేదు. వాళ్ళని అనడానికి నోరు రాదు. మా ఆయన కూడా వెళ్ళొద్దనే అన్నాడు, నా పాసు గురించి భయపడి. ఊళ్ళో నాన్నకి ఫోన్లో జరిగింది చెప్పాను. నాన్న అంతా విన్నాడు. చివరికి, "పోలీసులొచ్చేసరికి స్కోరెంత?" అన్నాడు.

"నాలుగు, రెండు. మేమే ముందున్నాం."

"సర్వీసు ఎవరిది?"

"కెప్టెన్‌ది."

"ఊఁ" అన్నాడు. ఆ తర్వాత వానల గురించి మాట్లాడాడు. నాన్న పోయేదాకా ఆయన గురించి మా మధ్య జరిగిన మాటలు అవే.

నెలాఖరున తన పాసు ఇచ్చేసి వస్తూ కెప్టెన్ రైల్లో కనిపించాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. ఆయన కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో, మోకాళ్ళు నిటారుగా, అందరిలాగే. రైలు కుదిపితే అందరితోపాటు ఊగాడు. నా సంచిలో ఒక బంతి మిగిలిపోయింది, ఆ రోజు సంచుల్లోకి వెళ్ళనిది. తీసి ఇచ్చాను. అరచేతిలో పట్టుకుని చూశాడు. నొక్కుతాడేమోనని చూశాను. నొక్కలేదు. తిరిగి నా చేతిలో పెట్టి, "ఉంచుకోమ్మా, నేనేం చేసుకుంటాను?" అన్నాడు. తన స్టేషనొస్తే దిగిపోయాడు. మళ్ళీ నేనాయన్ని చూడలేదు. ఊరికి మాత్రం వెళ్ళలేదట, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా. ఆ కోర్టు పక్కనుంచి నడవాల్సి వస్తుందనే అయ్యుంటుంది.

మొన్న ఆ బెంచీ మీద కూర్చునే గ్రూపులో మిగతా మెసేజీలు చదివాను. చేతులు జోడించిన బొమ్మలు, ఓం శాంతులు. ఎవరో పెద్దాయన రాశాడు, "మహా ఆటగాడు. ఆ రోజు మధ్యలో ఒదిలేసి పోకుండా ఉంటే కప్పు మనదే." దాని కింద అందరూ బొటనవేళ్ళు పెట్టారు. నేను చీఫ్ గెస్టు గురించి రాశాను, ఆ ఆదివారం గురించి రాశాను, అంబులెన్సు తలుపు గురించి రాశాను. పంపకుండా తుడిపేశాను. ఆయన లేడు, మా నాన్న లేడు, ఆ మైదానంలో ఇప్పుడు కొత్త బ్లాకు లేచింది. ఎవరికి చెప్పి ఏం లాభం?

ఇంటికొచ్చి బీరువా అడుగున వెతికి ఆ బంతి తీశాను. పసుపు రంగు పోయి మట్టిరంగు తిరిగింది. మా అమ్మాయి చూసి, "వాట్ ఈజ్ దట్ మా? సో స్మెల్లీ లా, త్రో ఇట్" అంది. పారేస్తాలే అన్నాను. అది తన గదిలోకి వెళ్ళాక, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని బొటనవేలితో గట్టిగా నొక్కాను.

చాలాసేపు చూశాను. గుంట లేవలేదు.